పట్టుచీరయు దయాధర్మమును

లింగపూజకు కూర్చుండబోవు ఇల్లాలు, ఉతికి ఆరవేసిన నూలుచీరను కాదని, పెట్టెలోని పట్టుచీరను తీయుట అనేక గృహములలో కనబడు ఆచారము. పట్టు మడి యని ఆమె నమ్మకము. ఆ సమయమున బడిలో పట్టుపురుగు పాఠము విని వచ్చిన మనుమరాలు, “నాయనమ్మా! నీ చీర కొరకు ఎన్ని పురుగులను చంపినారు?” అని అడిగినదనుకొందము. నాయనమ్మ ఏమని బదులు చెప్పవలెను? “పూజవేళ ఇవేమి మాటలు!” అని కసరుట సులభమే. కాని అనుభవమంటపమును తమ పుట్టినిల్లుగా తలచు శరణుల సంతతికి, ప్రశ్న అడిగిన నోటిని మూయించుట తగదు.

ప్రశ్న బాలికదే యైనను విషయము సత్యము. మల్బరీ ఆకును మేసి పెరిగిన పురుగు రెండు మూడు దినములలో తన చుట్టును తానే గూడు అల్లుకొనును. ఆ గూడంతయు ఒకే పోగు. అది కొన్ని వందల మీటర్లు మొదలుకొని 1,000 మీటర్లకు పైబడి కూడ సాగును. లోనున్న జీవము రెక్కలు వచ్చి వెలువడినచో గూటికి రంధ్రము పడి పోగు తెగిపోవును. తెగని పోగే పట్టు మెరుపునకు ఆధారము. కావున జీవము వెలువడకమునుపే గూళ్లను ఆవిరిలోనో, ఎండలోనో, ఉడుకునీటిలోనో ఉంచి దానిని చంపుదురు. ఒక్క చీరకు ఇట్టి గూళ్లు వేలకొలది కావలెను.

ఇట్లు వచ్చిన వస్త్రమునకు మడి యను గౌరవమెట్లు కలిగినది? పట్టునకు మైల అంటదని పూర్వాచారపరులు భావించిరి. లింగవంతులకు ఈ హేతువు చెల్లదు. ఇష్టలింగమును అనుదినము దేహమున ధరించువారికి శుచి యనునది అంతరంగమునకు చెందినదే గాని అంగడిలో కొనదగినది కాదు. బసవేశ్వరుడు బాహ్యశుద్ధిని మాత్రమే నమ్ముకొనుటను నిరసించి, సకల ప్రాణులయందును దయ కలిగియుండుటయే ధర్మమునకు పునాదియని బోధించెను. వేల ప్రాణములు పోయిన పిదప నేయబడిన వస్త్రమును శుద్ధి పేరిట కట్టుకొని పూజకు కూర్చుండుట ఆ బోధతో ఎట్లు పొసగును?

“ప్రత్తి మాత్రము నిర్దోషమా? చేనికి మందు చల్లినప్పుడు పురుగులు చావవా?” అని కొందరు ఎదురు ప్రశ్న వేయుదురు. చచ్చుననుట నిజమే. నాగలి సాగినచోట కూడ ప్రాణులు నశించును. ఐనను బ్రతుకుటకు తప్పనిసరియైన హింస వేరు, అలంకారమునకై కోరి చేయించు హింస వేరు. మానసంరక్షణమునకు నూలు చాలును. పట్టు లేనంతమాత్రమున ఎవరి మానమును పోదు.

అట్లైన పట్టును నేటినుండి అందరును విడువవలెనని శాసించినచో సమస్య తీరిపోవునా? తీరదు. ధర్మవరము, పోచంపల్లి, గద్వాలలలో మగ్గమునే నమ్ముకొన్న కుటుంబములున్నవి. బసవేశ్వరునకు పూర్వుడైన దేవర దాసిమయ్య ముదనూరున బట్ట నేసి బ్రతికిన శరణుడు. కాయకమును పూజగా ఎంచు మతమున నేతపనివారి అన్నమును మరచి దయను గూర్చి మాటలాడుట సగము ధర్మమే యగును.

పురుగు బాధ గూటిలో దాగియున్నట్లే మనుష్యుల బాధయు చీర మడతలలో దాగియున్నది. పోచంపల్లి చీరకు రంగు అద్దకమునకు ముందు నూలునుగాని పట్టునుగాని ఆసు పోయవలెను. స్త్రీలు ఒక్క చీరకు సుమారు 9,000 మారులు చేతిని మేకుల చుట్టును త్రిప్పెడివారు. తల్లి లక్ష్మి భుజముల నొప్పిని చూచి ఓర్వలేక చింతకింది మల్లేశము 1999లో ఆసు యంత్రమును రూపొందించి, దానికి ఆమె పేరే పెట్టినాడు. ఆయనకు 2017లో పద్మశ్రీ లభించినది. దయ యనగా కన్నీరు కార్చుట మాత్రమే కాదు, ఎదుటివాని నొప్పికి ఉపాయము వెదకుట యని ఆ కుమారుడు చూపినాడు. ఇట్టి శ్రమతో వచ్చిన చీరను పట్టుకొని అంగడిలో వంద రూపాయల కొరకు గంటసేపు బేరమాడి, అదే దినమున మఠమునకు వేయి రూపాయలు సమర్పించువారు తమ దాసోహము ఎచ్చట మొదలుకావలెనో యోచింపవలెను. మరమగ్గపు చీరను చేనేత యని అమ్ము వర్తకుడును నేతపనివారి అన్నమునే అపహరించుచున్నాడు.

పురుగును కాచి పట్టును నేయు ఉపాయమును కూడ తెలుగువారే వెదకిరి. చేనేత సహకార రంగమున పనిచేసిన కుసుమ రాజయ్య, రెక్కల పురుగు ఎగిరిపోయిన పిదప మిగిలిన గూళ్లనుండి దారము వడికించి, ‘అహింసా పట్టు’ పేరిట వస్త్రములు నేయించినాడు. పోగు తెగియుండుటచే దానిని దూదివలె వడుకవలెను. మెరుపు కొంత తగ్గును, వెల కొంత హెచ్చును. ఆ హెచ్చిన వెల దయకు చెల్లించు మూల్యము. గద్వాల చీర మరియొక త్రోవను సూచించుచున్నది. దాని నడిమిభాగము నూలు, అంచును కొంగును మాత్రమే పట్టు. నూలుపేకయు పట్టుపేకయు అంచువద్ద ఒకదానినొకటి పెనవైచుకొని నిలుచును. పట్టు తగ్గినను నేతపనివారి నైపుణ్యమునకు కొరతలేదు, అందమునకును కొరతలేదు.

కావున నాయనమ్మ మనుమరాలితో ఇట్లు చెప్పవచ్చును: “నిజమే తల్లీ, వేల పురుగులు పోయినవి. ఈ చీర మా అత్తగారిది. దీనిని పారవేసినంతనే ఆ ప్రాణములు తిరిగిరావు. దీనిని చినుగువరకు కట్టుదును, పిదప నీకిత్తును. కాని దీనిని మడి యని మాత్రము ఇకమీదట అనను. పూజకు ఉతికిన నూలుచీర చాలును. నీ పెండ్లికి చీర కొనునప్పుడు మగ్గము ఉన్న ఇంటికే పోవుదము. వారు చెప్పిన న్యాయమైన వెలను తగ్గింపక ఇత్తము.”

ఆ మాట చెప్పుటకు ఆమెకు పాండిత్యము అక్కరలేదు. పెట్టె మూతవేసి, దండెముపైనున్న నూలుచీరను తీసికొనిన చాలును.