చావు కనిపించని హింస

హింస యనగా ప్రాణము తీయుట మాత్రమేనా? మాంసము ముట్టము, పశువును కొట్టము, కనుక అహింసావ్రతము నెరవేరుచున్నదని మన వీరశైవ కుటుంబములలో ఒక తృప్తి కలదు. ఆ తృప్తి ఎంతవరకు న్యాయమో పొలముగట్టున నివసించు ఒక అల్పప్రాణిని చూచి తెలిసికొనవలసియున్నది. అది కప్ప.

ధవళేశ్వరము ఆనకట్ట నుండి కాలువలకు నీరు వదలి, తొలకరి పడిన రాత్రి, అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతముల వరిచేలలో కప్పల అరుపు విననివారుండరు. అది మగకప్ప ఆడకప్పను పిలుచు పిలుపు. పిలుపు లేనిచో జత లేదు. జత లేనిచో సంతతి లేదు. వానలు రానప్పుడు కప్పను రోకలికి కట్టి, ఇంటింట నీళ్ళు పోయించి వానను వేడుకొను ఆచారము తెలుగు పల్లెలకు కొత్త కాదు.

మొక్కజొన్న, చెరకు పైరులలో వాడు కలుపుమందు అట్రజిన్. అమెరికాలో బర్కిలీ విశ్వవిద్యాలయ ఆచార్యుడు టైరోన్ హేస్ 2010లో ప్రకటించిన పరిశోధనలో, నూరు కోట్ల పాళ్ళ నీటికి రెండున్నర పాళ్ళ అట్రజిన్ కలిపి ఆఫ్రికా జాతి మగకప్పలను అందు పెంచిరి. నూటికి పది ఆడకప్పలుగా మారి గ్రుడ్లు పెట్టెను. పుట్టిన పిల్లలన్నియు మగవే. మగవిగా మిగిలినవాటిలో పురుషధాతువు క్షీణించెను, జతగూడు కోరిక సన్నగిల్లెను. చచ్చినందువలన కాదు, బ్రతికియుండియే అవి వంశమునకు దూరమాయెను.

ఈ ఫలితములపై వివాదము లేకపోలేదు. మందు తయారుచేయువారి తరఫు శాస్త్రజ్ఞులు అంగీకరింపలేదు. అంతకు ముందే, 2007లో, అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ ఈ మందు కప్పల జననాంగముల వికాసమును చెరుపదనెను. ఐరోపా సమాజమో 2004లోనే దానికి అనుమతి నిరాకరించెను. పెద్దల సందేహము తీరువరకు మందు ఆగదు. సందేహము మనది, దాని ఫలము కప్పది. ఇదియే ధర్మసూక్ష్మము.

కప్పకాళ్ళ ఎగుమతిని భారత ప్రభుత్వము 1987లో నిషేధించినది. అక్కడ కత్తి కనిపించినది, రక్తము కనిపించినది. కనుక మనస్సు కదలినది. నీటిలో కరగిన మందుకు కత్తి లేదు, రక్తము లేదు. కంటికి కనిపించనంత మాత్రమున కర్తృత్వము తొలగునా?

కోనసీమ వరిరైతు వాడునవి బ్యూటాక్లోర్, ప్రెటిలాక్లోర్ వంటి వేరు మందులు. అట్రజిన్ దోషమును వాటికి అంటగట్టుట న్యాయము కాదు. రైతును నిందించుటయు న్యాయము కాదు. కలుపు తీయుటకు కూలీలు దొరకక, దొరికినను కూలి భరింపలేక అతడు మందు పట్టుచున్నాడు. సేద్యమును కాయకమే. కాని బసవేశ్వరుడు ధర్మమునకు దయను మూలముగా నిలిపెను. కాయకము శుద్ధముగా నుండవలెనని నేర్పెను. నోరులేని ప్రాణి సంతతిని పణముగా పెట్టి పండించిన గింజతో చేయు దాసోహము సంపూర్ణమగునా?

చేయదగినది లేకపోలేదు. కోనోవీడరుతోనో చేతితోనో తీయగల కలుపుకు మందు వద్దు. చల్లక తప్పనిచో చెప్పిన మోతాదు మించరాదు. మందునీటిని కొన్నాళ్ళు చేలోనే నిలిపి కాలువలోనికి వదలరాదు. మందుడబ్బాలను చెరువులో కడుగరాదు. ఇష్టలింగమునకు మనము అభిషేకించు నీరును ఆ కాలువలదే, ఆ చెరువులదే.

చంపకపోవుట అహింసకు తొలిమెట్టు. పుట్టవలసినదానిని పుట్టనిచ్చుట తరువాతి మెట్టు. వచ్చు తొలకరి రాత్రి చేలగట్టున నిలిచి చెవియొగ్గుడు. కప్పల పిలుపు వినిపించిన, ఆ నీరు ఇంకను జీవజలమే. దానిని అట్లే నిలుపుట శరణుల కర్తవ్యము.