మెట్ల మీద ముఖ్యప్రాణుడు

నైరుతి మేఘాన్ని పడమటి కనుమలు అడ్డగించి తమ వాలులమీదనే కురిపించుకోగా, ఈశాన్యపు మేఘం తూర్పు తీరాన్ని తడిపి లోనికి వచ్చేసరికి నీరసించిపోగా, రెండు ఋతువుల నడుమ ఉపవాసముండే భూమి అనంతపురం పీఠభూమి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ కురిసే వానను నమ్ముకొని శెనక్కాయ విత్తే ఆ ఎర్రనేలల్లో, చైత్ర వైశాఖాలు వచ్చేసరికి చేలు బోసిగా ఉంటాయి, పెన్న ఇసుకై ఉంటుంది, ఏరువాక దాకా సేద్యగాని చేతికి పని ఉండదు. లోకానికి కరవుగా మాత్రమే కనిపించే ఆ విరామాన్ని అక్కడి భజన మండళ్ళు నాదోపాసనకు దొరికిన పుణ్యకాలంగా స్వీకరిస్తాయి. పగలు వేపచెట్టు నీడన గడిపినవారు రాత్రి రాములగుడిలో హార్మోనియం తెరచి, తాళాల దారాలు సవరించుకొని, తెలుగు కీర్తన వెంట కన్నడ దేవరనామాన్ని, దాని వెంట పండరి భజనను అందుకుంటూ, కొండకు వెళ్ళే దినం కోసం గొంతులు సిద్ధం చేసుకుంటారు. మడక పట్టేవారు, మగ్గం నేసేవారు, బడిపంతుళ్ళు, ఇల్లాళ్ళు కలిసిన ఆ మండలిలో సంగీతం ఎవరికీ జీవనోపాధి కాదు గనుక, పాటకు ఫలంగా పాటనే కోరగల అధికారం వారికి సహజంగానే సిద్ధించింది.

కొండ అంటే తిరుమల. తిరుమల తిరుపతి దేవస్థానంలోని దాస సాహిత్య ప్రాజెక్టు మూడు నెలలకొకమారు జరిపే మెట్లోత్సవానికి ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక, తమిళ దేశాల భజన మండళ్ళు తిరుపతి చేరి, రైల్వే స్టేషను వెనుకనున్న మూడవ సత్రం ప్రాంగణంలో సుప్రభాతంతో లేచి, ధ్యానంలో కూర్చొని, సామూహిక భజనలతో, నగర సంకీర్తనతో గడిపి, చివరినాటి తెల్లవారుజామున అలిపిరి పాదాలమండపం చెంత మెట్లపూజ చేసి, పాడుతూ ఎక్కడం మొదలుపెడతాయి. శేషాద్రి శిలామయమైన కొండ కాదు, సాక్షాత్తూ ఆదిశేషుని శరీరం. కనుకనే పాదం మోపబోయే రాతికి ముందుగా పసుపు కుంకుమలు అద్ది, కర్పూరం వెలిగించి, అనుమతి వేడుకొంటారు. దారి సుమారు 9 కిలోమీటర్లు, మెట్లు 3,550. గాలిగోపురం వరకు ఉన్న నిట్రపు ఎక్కుడే ఈ చింతనకు ఆలంబనం.

హార్మోనియాన్ని తువ్వాలుతో మెడకు వేలాడదీసుకొని ఒకడు నడుస్తాడు, డోలక్ నడుముకు బిగించుకొని మరొకడు. ముందు గొంతు చరణం ఎత్తుకుంటుంది, వెనుకనున్నవారు వంత అందుకుంటారు. మొదటి వంద మెట్లు అందరూ గాయకులే. ఆ తరువాత ఆయాసం మొదలై, ఎత్తుకున్న మాట సగంలో తెగి, నోరు తెరుచుకున్నా నాదం వెలువడదు. అయినా పాట ఆగదు. ముందువాని ఊపిరి తెగినచోట వెనుకనున్న పెద్దావిడ అందుకుంటుంది. ఆమె రాతిగోడను ఆనుకొని నిలిచిపోయినచోట చిడతలు పట్టిన పిల్లవాడు అందుకుంటాడు. నాలుగు మెట్లు మౌనంగా ఎక్కి ఊపిరి కూడదీసుకున్న మొదటివాడు, తాను వదిలిన చోట కాక, పాట చేరుకున్న చోట మళ్ళీ కలుస్తాడు. అలిపిరి నుంచి గోపురం దాకా ఆ కీర్తనను సాంతం పాడిన మనిషి ఆ మండలిలో ఒక్కడూ ఉండడు, కీర్తన మాత్రం సాంతం పాడబడుతుంది. భగవత్ స్మరణ తైలధార వలె అవిచ్ఛిన్నంగా సాగాలని భాష్యకారులు విధించగా, క్షణక్షణం చెదిరే చిత్తం గల జీవునికి అది సాధ్యమా అని బెదిరిపోయే సాధకులకు ఈ మెట్లే సమాధానం: తెగిపోయే గొంతులనే ఒకదాని వెంట ఒకటి చేర్చి, తెగని ధారను కల్పించుకొనే ఉపాయం సత్సంగం. ఏకాంత సాధకుని విచ్ఛేదం విచ్ఛేదంగానే మిగులుతుంది, సంఘంలో మాత్రం అది ఇతరులకు చోటవుతుంది.

మరి మౌనం వహించినవాడు ఆ నాలుగు మెట్లూ కీర్తనకు వెలుపల ఉన్నాడా? ఇక్కడ రెండవ పొర విప్పవలసి ఉంది. దేవతలు అసురులను జయించదలచి సామగానమైన ఉద్గీథాన్ని ఆశ్రయించిన వృత్తాంతం ఛాందోగ్యోపనిషత్తులో ఉంది. వారు ముక్కునూ, వాక్కునూ, కంటినీ, చెవినీ, మనసునూ వరుసగా ఉద్గీథంగా ఉపాసించగా అసురులు ఒక్కొక్కదాన్నీ పాపంతో వేధించారు. చివరకు ముఖ్యప్రాణాన్ని ఉపాసించగా, దానిని తాకిన అసురులే బండరాతికి కొట్టుకొన్న మట్టిపెళ్ళలా చెదిరిపోయారు. తాను గ్రహించినదంతా తక్కిన ఇంద్రియాల పోషణకే ఇచ్చివేసి తనకంటూ ఏదీ ఉంచుకోనిది గనుకనే ప్రాణానికి పాపం అంటలేదు. వాక్కుకు నేను బాగా పాడాననే గర్వం అంటుతుంది, చెవికి వాడు అపస్వరం పలికాడనే దోషదృష్టి అంటుతుంది. ఊపిరికి ఏమీ అంటదు. మాధ్వ సంప్రదాయం ఆ ముఖ్యప్రాణుణ్ణే హనుమంతునిగా అర్చిస్తూ, జీవుడు మెలకువలో ఉన్నా నిద్రలో ఉన్నా అహోరాత్రంలో 21,600 మార్లు శ్వాసరూపంగా హంసమంత్ర జపం ఆయనే జరిపిస్తున్నాడని బోధిస్తుంది. అనంతపురం వారికి ఇది గ్రంథస్థమైన విషయం మాత్రమే కాదు. గుంతకల్లు చేరువన కసాపురంలో నెట్టికంటి ఆంజనేయునిగా వెలసిన స్వామి, పురందరదాసుకు గురువైన వ్యాసరాయల ప్రతిష్ఠ అనే సంప్రదాయం ఉంది. దాసుల పదాలు ఆ పల్లెల్లో నేటికీ పలకడం ఆ గురుశిష్యుల అనుగ్రహమే. కసాపురంలో మొక్కిన వాయుపుత్రుడే మెట్టు మీద తన రొమ్ములో ఎగసిపడుతున్నాడని గ్రహించినవానికి, గొంతు పూడిన క్షణం కీర్తనకు విరామం కాదు. అప్పటిదాకా తాను పాడుతున్నానని భ్రమించినవాడు, పాడిస్తున్నవానిని వినే ముహూర్తమది.

తాళ్ళపాక చిన్నన్న తన తాత చరిత్రను ద్విపదగా రచిస్తూ చెప్పిన ఘట్టం ఈ సందర్భాన తలచదగినది. పసివాడైన అన్నమయ్య ఇదే కొండ ఎక్కుతూ మోకాళ్ళ ముడుపు దగ్గర ఆకలితో, అలసటతో, కాళ్ళ చెప్పులైనా విప్పకుండా వెదురుపొద నీడన సొమ్మసిల్లగా, అలమేలుమంగ తల్లి పెద్దముత్తైదువుగా వచ్చి, చెప్పులు విడువమని బోధించి, ప్రసాదం పెట్టి ఆకలి తీర్చింది. ఆ బాలుని నోట శతకం వెలువడింది. వేలకొలది సంకీర్తనలకు మూలకందమైన ఆ తొలి పలుకు ఊపిరి నిండుగా ఉన్నచోట కాక, ఊపిరి చాలనిచోట పుట్టింది. విత్తు వేసి ఆకాశం వైపు చూసే నేలకు ఈ క్రమం బాగా తెలుసు.

ఊపిరిని పంచుకున్నట్టే శ్రుతి విషయంలోనూ మండలిలో ఒక సర్దుబాటు ఉంది. మగవారికి ఒకటి, ఒకటిన్నర అనుకూలమైతే ఆడవారికి ఐదు అనుకూలం. మండలి ఈ రెంటి నడుమ ఎక్కడో నిలుస్తుంది, అది ఏ ఒక్కరికీ పూర్తిగా హాయి కాదు. ఎండలో బిగిసి ఖంగుమన్న డోలక్ చర్మం కొండమీది తేమగాలికి సడలి శ్రుతి దిగిపోగా, వాయించేవాడు రాళ్ళ మీద కూర్చొని ఓపికగా తాళ్ళు లాగి, చెవి ఆనించి, మళ్ళీ బిగిస్తాడు. శిక్షణ పొందిన విద్వాంసుడెవరైనా ఆ గుంపులో నడిస్తే, తన శ్రుతినీ తన గమకాలనూ పక్కనపెట్టి ఆ వంతలో ఒకడు కావడమే అతనికి తపస్సు; బహుశా అందరికంటే కఠినమైన మెట్టు అతనిదే.

ఇటీవల ఆ పీఠభూమి పల్లెలు కొన్నింటిలో శనివారం రాత్రి భజనకు మారుగా గుడిమీది మైకులో రికార్డు వేసి తలుపు మూసుకొనే అలవాటు పెరుగుతున్నది. శాస్త్రం తప్పని గాయకుడు, తప్పిపోని తాళం అందులో ఉన్న మాట నిజమే. కాని యంత్రానికి ఆయాసం రాదు. ఆయాసం రానిదానికి మరొక గొంతుతో పని లేదు గనుక, అది ఎవరినీ అందుకోమని అడగదు. పాడేవారు నలుగురే మిగిలినా, ఆ నలుగురిలో ఇద్దరికి తాళం నిలవకపోయినా, ఆ రాత్రి మైకు కట్టివేసి, బడిపిల్లల చేతికి చిడతలిచ్చి, వంతలో కూర్చోబెట్టవలసిన బాధ్యత మెట్లెక్కి వచ్చిన మండళ్ళదే.