నోటు పుస్తకంలోని రూపాయి



కొన్నేళ్ళ క్రితం తపస్కాలంలో, ఒక ఆదివారం పూజ అయ్యాక గుడి మెట్ల మీద ఒక తల్లి నన్ను ఆపి సందేహం అడిగారు. తపస్కాలం మొదలవగానే ఇంటింటికీ అట్టపెట్టె హుండీలు ఇస్తాం కదా, ఉపవాసాల్లో మిగిల్చిన సొమ్ము అందులో వేసి పాస్కా పండుగ నాటికి గుడిలో అప్పగిస్తారు. ఆమె సందేహం ఇది: "ఫాదర్ గారూ, ఈ ఏడు పిల్లలకు నోటు పుస్తకాలన్నీ ఒకే కంపెనీవి కొన్నామండి. నాలుగు పుస్తకాలకు రూపాయి చొప్పున పేదపిల్లల చదువుకు ఇస్తామని అట్ట వెనక వేశారు. మేం ఇరవై నాలుగు కొన్నాం. అంటే ఆరు రూపాయలు వెళ్ళినట్టే కదండీ. అది హుండీ లెక్కలోకి వస్తుందా?"

నేను నవ్వి, తల మీద చెయ్యి వేసి దీవించి పంపేశాను. ఆమె ఎగతాళికి అడగలేదు. ఆరు రూపాయలు ఎగ్గొట్టాలనీ అడగలేదు. ఆ రోజు చెప్పకుండా తప్పించుకున్న జవాబును ఈ వారం మీ ముందు వెతుక్కుంటున్నాను.

మొదట లెక్క చూద్దాం. ఆ పుస్తకం ధర పక్కనున్న మరో కంపెనీ పుస్తకం ధరతో సమానమైతే ఆ తల్లి జేబులోంచి అదనంగా పైసా పోలేదు. పుస్తకాలు ఎలాగూ కొనవలసినవే. ధర కొంచెం ఎక్కువైతే ఆ ఎక్కువ ఆమెదే, ఇచ్చినట్టు పేరు మాత్రం కంపెనీది. ఎటు చూసినా రూపాయి ఒక్కటే, ఇచ్చామనుకునేవారు ఇద్దరు. మార్కు సువార్తలో కానుకల పెట్టె దగ్గర కూర్చున్న ప్రభువు, పేద విధవరాలు వేసిన రెండు నాణేలను చూచి శిష్యులను పిలిచాడు. ఆమె వేసింది తన బ్రతుకుతెరువు గనుక పిలిచాడు. మన నోటు పుస్తకంలో బ్రతుకుతెరువు మాట అటుంచండి, సాయంత్రం తాగే టీ అయినా మానుకోలేదు. కాబట్టి హుండీ లెక్కలోకి రాదు. ఇంతవరకు సులభమే.

ఈ వ్యాపార పద్ధతి పుట్టుక కూడా కొంత తెలుసుకోవాలి. 1983లో అమెరికాలో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ సంస్థ స్వేచ్ఛా ప్రతిమ మరమ్మతుల కోసం ఒక పథకం ప్రకటించింది. తన కార్డు వాడిన ప్రతిసారీ ఒక సెంటు, కొత్తగా కార్డు తీసుకున్న ప్రతివారి పేరిట ఒక డాలరు. ఆ విధంగా 17 లక్షల డాలర్లు పోగయ్యాయి. ఆ కొద్ది నెలల్లోనే కార్డుల వాడకం నాలుగో వంతుకు పైగా పెరిగింది. అప్పటినుండి దానధర్మాన్ని సరుకుతో కలిపి అమ్మడం ఒక విద్యగా మారింది. మన తల్లి కొన్న పుస్తకాలు ఐ.టి.సి. వారు 2003లో ప్రారంభించిన క్లాస్‌మేట్ పుస్తకాలు. 1910లో ఇంపీరియల్ టొబాకో పేరుతో పుట్టిన ఆ సంస్థ నేటికీ సిగరెట్లు అమ్ముతున్నది. ఇది వేలు చూపించి అంటున్న మాట కాదు. గుంటూరు, ఒంగోలు వైపు విచారణల్లో పొగాకు బ్యారన్ల మీద బతికి, ఆ సొమ్ముతోనే పిల్లలను చదివించి, గుడికి గంట కొనిచ్చిన కుటుంబాలు ఎన్నో. ఆ గంట మోగితేనే మనం పూజకు వెళ్ళాం.

మరి ఆ రూపాయి చెడ్డదా? సెమినరీలో పునీత తోమా అక్వినాసు వారి నీతిశాస్త్రం చదివేటప్పుడు మాకు మూడు ప్రశ్నలు నేర్పారు. చేసిన పని ఏమిటి, ఏ ఉద్దేశంతో చేశారు, ఏ పరిస్థితుల్లో చేశారు? ఉద్దేశంలో కీర్తికాంక్ష కలిస్తే ఇచ్చినవాడి పుణ్యం తగ్గవచ్చు. అందుకున్న పిల్లవాడికి ఆ రూపాయి విలువ తగ్గదు. ఆకలిగా ఉన్నవాడికి గొప్పల కోసం పెట్టిన అన్నమైనా కడుపు నింపుతుంది. అందుచేత వెటకారం చేసి తోసిపుచ్చేవారితో నేను ఏకీభవించను.

నన్ను వేధించేది ఆ ఒక్క రూపాయి కాదు, మిగిలిన ధర. అది ఎక్కడినుండి వచ్చింది? ఎవరికి ఎంత ముట్టింది? రెండవ వాటికన్ మహాసభ 1965లో గృహస్థుల ప్రేషిత సేవ గురించి వెలువరించిన పత్రంలో దానధర్మాలకు ఒక షరతు పెట్టింది. ముందు న్యాయం తీర్చాలి, న్యాయంగా చెల్లించవలసినదానినే దయతో ఇస్తున్నట్టు చూపరాదు అన్నది దాని భావం. ఆనాటి మేత్రాణులు ఈ మాట రాసేటప్పుడు నోటు పుస్తకాలు, సబ్బులు వారి మనసులో ఉండి ఉండవు. కానీ ఇంత సూటిగా వీటికి తగిలే మాట నాకు మరొకటి కనిపించలేదు.

ఈ తేడా బాగా పట్టుకున్న ఒక గురువు కథ చెప్పాలి. ఫ్రాన్స్ వాన్ దెర్ హాఫ్ అనే హాలండ్ దేశపు గురువు మెక్సికోలోని వహాకా రాష్ట్రంలో, కొండల మీద కాఫీ పండించుకునే ఆదివాసుల మధ్య పనిచేసేవారు. ఆ కాఫీని దళారులు తాము చెప్పిన ధరకు కొనేవారు. కొండ దిగి పట్నం వెళ్ళలేని రైతు ఇచ్చింది పుచ్చుకునేవాడు. ఫాదర్ గారు ఆ రైతులతో కలిసి సహకార సంఘం కట్టారు. ఆ తరువాత హాలండ్‌లోని సాలిడారిడాడ్ అనే సంస్థకు చెందిన నికో రోజెన్‌తో కలిసి 1988లో 'మాక్స్ హావెలార్' అనే గుర్తును కాఫీ పొట్లాల మీదికి తెచ్చారు. ఆ పేరు జావా కాఫీ రైతుల దోపిడీ మీద 1860లో వచ్చిన ఒక డచ్చి నవలలోని పాత్రది. ఆ గుర్తున్న పొట్లం కొంటే రైతుకు సరైన ధర ముట్టినట్టు హామీ. పేదలకు విరాళం అనే మాట దాని మీద లేదు.

ఆ మరుసటి ఏడే, 1989లో, అంతర్జాతీయ కాఫీ ఒప్పందంలోని కోటాలు రద్దయి ధర కుప్పకూలింది. అలాంటప్పుడు ఆ గుర్తు పనిచేసే తీరు ఇది: బజారు ధర ఎంత పడినా ఒక అడుగు ధరకు తగ్గించి కొనకూడదు. బజారు ధర పెరిగితే ఆ పెరిగిన ధరే ఇవ్వాలి. దానిపైన కొంత సొమ్ము సంఘానికి చేరుతుంది. దాన్ని బడికి పెట్టాలా, గోదాముకు పెట్టాలా అన్నది రైతులే కూర్చుని తీర్మానించుకోవాలి. నేడు ఫెయిర్‌ట్రేడ్ అని పిలిచే ఈ పద్ధతిలో 2023 ఆగస్టు నుండి కడిగిన అరబికా కాఫీకి అడుగు ధర పౌనుకు ఒక డాలరు 80 సెంట్లు, సంఘానికి చేరే అదనపు సొమ్ము 20 సెంట్లు. ఇందులోనూ లోపాలున్నాయి. చాలా సంఘాలు తమ పంటలో కొంతభాగమే ఈ ధరకు అమ్ముకోగలుగుతున్నాయి, మిగతాది మామూలు బజారుకే పోతుంది. అయినా ఇక్కడ రైతు చెయ్యి చాపలేదు, బేరం చేశాడు. ఆ తేడా చిన్నదిగా నాకు తోచదు.

మనకు దగ్గరలో అరకు లేదూ? సంతల్లో షావుకారు తూకానికీ వడ్డీకీ గిరిజనులు బలైపోతుంటే, దానికి విరుగుడుగా 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థను పెట్టారు. నేడు ఆ సంస్థ కాఫీ కూడా కొంటుంది. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, ఆ చెట్లకు మిరియాల తీగ పాకించి పండించే ఆ కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొండ మీద చెట్టు నిలవడానికీ, రైతు నిలవడానికీ ఒకే పంట ఆసరా అయింది. ఆ పొట్లం కొనేటప్పుడు నేను ధర్మం చేస్తున్నానని అనుకోను. తాగిన కాఫీకి డబ్బు కడుతున్నాను, అంతే. కొనడం కూడా నీతికి సంబంధించిన క్రియేనని పోపు పదహారవ బెనెడిక్టు వారు 2009 నాటి తమ విశ్వలేఖలో బోధించారు, 2015లో పోపు ఫ్రాన్సిస్ వారు ఆ మాటనే మళ్ళీ గుర్తు చేశారు. నాకర్థమైనంతలో అది ఇలాంటి కొనుగోలు గురించే.

పర్యావరణం పేరిట వచ్చే సరుకుల సంగతి రెండు మాటల్లో చెప్తాను. ఆకుపచ్చ రంగు డబ్బా, దాని మీద ఒక ఆకు బొమ్మ, 'ప్రకృతి మిత్ర' అన్న మాట. వీటిని నమ్మి కొనేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. పరీక్షించి ముద్ర వేసేందుకు మన ప్రభుత్వం 1991లోనే మట్టికుండ గుర్తుతో ఎకోమార్క్ పెట్టింది. మీ ఇంట్లో ఒక్క వస్తువు మీదైనా ఆ కుండ ఉందేమో వెతకండి. ఆధారం చూపకుండా ఇలాంటి గొప్పలు రాసుకోకూడదని 2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది.

ఇంతవరకు ఊరివాళ్ళ సంగతులు. నాది కూడా ఒకటుంది. పోయిన ఏడు మా విచారణలోని ఒక ఉపగ్రామానికి దగ్గరి ఫ్యాక్టరీ వారు మంచినీళ్ళ ప్లాంటు కట్టించి ఇచ్చారు. గుడి ఆవరణలోనే స్థలం ఇచ్చాం. నేనే దీవించాను, కొబ్బరికాయంత పెద్ద రిబ్బను ముడి నేనే విప్పాను. గోడకు నల్లరాతి పలక, దాని మీద బంగారు అక్షరాలతో కంపెనీ పేరు, కింద 'సౌజన్యంతో'. సభ అయ్యాక ఆ ఊరి తాత ఒకాయన బిందె పట్టుకుని వచ్చి అన్నాడు: "మంచిదేనండి ఫాదర్ గారూ. మా బావి బాగున్నన్నాళ్ళూ ఈ బిందె మోసేపని లేదండి." ఫ్యాక్టరీ కాలువ వెంట ఉన్న బావుల నీళ్ళు మూడు నాలుగేళ్ళుగా పసుపు రంగు తిరిగాయి. అది ఫ్యాక్టరీ వల్లనే అని తేల్చిన పరీక్ష మా చేతిలో లేదు. కాదని తేల్చిందీ లేదు. ఎవరూ చేయించలేదు, నేనూ చేయించలేదు.

2013 కంపెనీల చట్టం ప్రకారం 500 కోట్ల నికర విలువ గాని, 1000 కోట్ల టర్నోవరు గాని, 5 కోట్ల నికర లాభం గాని ఉన్న కంపెనీ తన మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సమాజహితానికి ఖర్చు చేయాలి. 2014 ఏప్రిల్ 1 నుండి ఇది అమలులో ఉంది. తాము పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇమ్మని కూడా చట్టం చెప్తుంది. అంటే ఆ పరిమాణంలో ఉన్న కంపెనీ చేసినప్పుడు అది చట్టం విధించిన బాధ్యత. దానికి నేను కృతజ్ఞతా పత్రం రాసి, గురువు చేతి దీవెన జతచేసి, సౌజన్యమని రాతిలో చెక్కడానికి ఒప్పుకున్నాను. ప్లాంటు తీసుకోవడం తప్పని నేననను. ఆ ఊరి పసిపిల్లలు ఈవేళ ఆ నీళ్ళే తాగుతున్నారు. నీళ్ళు తీసుకుని, బావి సంగతి అడగకపోవడం తప్పు. కానుక అందుకున్న నోరు మొహమాటపడుతుంది. బహుశా కానుకలోని ధర అదే.

ఆ తల్లి మొన్న సంత దగ్గర కలిశారు, ఆమె పెద్దపిల్ల ఇప్పుడు నర్సింగు చదువుతున్నది. ఆనాటి ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పాను: పుస్తకాలు అవే కొనండమ్మా, నష్టం లేదు. హుండీ మాత్రం వేరు. వీలైతే మీ ఇంట్లోకి వచ్చే వస్తువుల్లో ఒక్కదాని గురించైనా, అది చేసినవాళ్ళకు ఏం ముట్టిందో కనుక్కోండి. ఆమె కాసేపు ఆలోచించి, "మరి ఆ నీళ్ళ ప్లాంటు సంగతేంటండి ఫాదర్ గారూ?" అన్నారు. ఆ ఉపగ్రామం ఆమె పుట్టినిల్లని నాకు అప్పుడే తెలిసింది.

బావుల నీళ్ళు పరీక్ష చేయించమనీ, కాలువ సంగతి లిఖితంగా చెప్పమనీ ఫ్యాక్టరీ వారికి ఉత్తరం రాశాను. వచ్చే ఆదివారం పూజ తరువాత విచారణ సంఘం ముందు పెట్టాలి. సంఘం పెద్దల్లో ఇద్దరి కొడుకులకు ఉద్యోగం ఆ ఫ్యాక్టరీలోనే. వాళ్ళ ముఖాలు తలుచుకుని ఇప్పటికి రెండుసార్లు ఆ ఉత్తరం తిరగరాశాను.