శ్మశాన వైరాగ్యం చాలదు: హుస్సేన్ సాగర్ ఒడ్డున యక్షప్రశ్న

 

ఈ వారం మృత్యువు గురించి మాట్లాడుకుందాం. భయపెట్టడానికి కాదండీ, మనసు తేలిక చేసుకోవడానికే.

మాది ప్రకాశం జిల్లా కురిచేడు. ఉద్యోగం హైదరాబాద్‌లో. ఈమధ్య మా ఆఫీసులో లేఆఫ్‌ల మాట తప్ప వేరే మాట లేదు. పొద్దున్నే లాప్‌టాప్ తెరిస్తే లాగిన్ అవుతుందో లేదోనని గుండె దడ. మీలో చాలామంది పరిస్థితీ ఇదే అని నాకు తెలుసు. అందుకే సాయంత్రాలు నెక్లెస్ రోడ్డులో నడుస్తున్నాను. అక్కడ హుస్సేన్ సాగర్ ఒడ్డున ఎన్టీఆర్ ఘాట్ ఉంది, దగ్గర్లోనే పీవీ గారి జ్ఞానభూమి.

ఒక్కసారి ఆలోచించండి. రామారావు గారు 1982లో పార్టీ పెట్టి తొమ్మిది నెలల్లో ముఖ్యమంత్రి అయ్యారు. కృష్ణుడంటే ఇలాగే ఉంటాడని మన పెద్దవాళ్లు ఆయన్నే చూసి అనుకున్నారు. 1995లో పదవి పోయింది. 1996 జనవరి 18న ఆయనే వెళ్లిపోయారు. పీవీ గారు 1991 నుంచి 1996 దాకా దేశానికి ప్రధాని. 2004 డిసెంబరు 23న ఆయనా వెళ్లిపోయారు. అంతటి పదవులే నిలవలేదు. ఇక నా డిజిగ్నేషన్ ఎంత? ఆ ఆలోచనతోనే దడ సగం తగ్గింది.

కానీ ఇక్కడితో ఆగితే దాన్ని మన పెద్దలు శ్మశాన వైరాగ్యం అన్నారు. ఇంటికెళ్లి కాళ్లు కడుక్కునేసరికి పోతుంది. లేదంటే 'అంతా పోయేదే, ఎవరెలా పోతే నాకేంటి' అన్న మొండితనంగా మారుతుంది.

మహాభారతం అరణ్యపర్వంలో ధర్మరాజు నిలబడింది కూడా ఒక నీటి ఒడ్డునే. ఎదురుగా నలుగురు తమ్ముళ్లూ పడి ఉన్నారు. లోకంలో పెద్ద వింత ఏమిటని యక్షుడు అడిగాడు. రోజూ పోయేవాళ్లను చూస్తూ కూడా, ఉన్నవాళ్లు తాము శాశ్వతమని అనుకోవడమే వింత అన్నాడు ధర్మరాజు. ఇది మనందరికీ తెలిసిన జవాబే. ఆ తర్వాత జరిగింది చూడండి. తమ్ముళ్లలో ఒక్కణ్ణి బతికిస్తానంటే భీముణ్ణి అడగలేదు, అర్జునుణ్ణి అడగలేదు. నకులుణ్ణి అడిగాడు. కుంతికి తాను మిగిలాడు కదా, మాద్రికీ ఒక కొడుకు మిగలాలి అన్నాడు. మృత్యువును నిజంగా అర్థం చేసుకున్నవాడి మనసు రాయిగా మారదు. తన భయం తగ్గినచోట పక్కవాడికి చోటు దొరుకుతుంది.

ఘాట్‌ల దగ్గర నాకు మిగిలిన ప్రశాంతత కూడా ఇదే. పదవులు పోయాయి. కానీ 1983లో వచ్చిన కిలో రెండు రూపాయల బియ్యంతో మా కరువు ప్రాంతంలో ఎన్నో పొయ్యిలు వెలిగాయి. 1991 సంస్కరణలు తెరిచిన దారిలోనే మాలాంటి వాళ్లు ఊరు దాటి ఈ ఉద్యోగాల్లోకి వచ్చారు.

మా వైపు మార్కాపురం పలకలకు పేరు. పలక మీద రాసింది సాయంత్రానికి చెరిపేస్తాం. అక్షరం మాత్రం పిల్లాడికి వచ్చేస్తుంది.

మా టీమ్‌లో ఒక జూనియర్ తమ్ముడికి ఉద్యోగం పోయింది. రోజూ రాత్రి గంటసేపు ఇద్దరం కూర్చుని ఇంటర్వ్యూలకు ప్రిపేర్ అవుతున్నాం. నా ఉద్యోగం ఉంటుందో లేదో ఇంకా తెలియదు. కానీ నిద్ర పడుతోంది.

ఈ వారం మీ నకులుడు ఎవరో చూసుకోండి. ఒక్క ఫోన్ చేయండి.

శుభం.