మూడు గర్భగుడులు, ఒక మండపం

హనుమకొండ వేయిస్తంభాల గుడిని 1163లో కాకతీయ రుద్రదేవుడు కట్టించాడు. అది త్రికూటాలయం. రుద్రేశ్వరుడికో గర్భగుడి, వాసుదేవుడికో గర్భగుడి, సూర్యుడికో గర్భగుడి. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి దారి లేదు. మూడు గడపలూ నడిమి రంగమండపంలోకే తెరుచుకుంటాయి. దేవుడొక్కడే అనేవాడికి ఇన్ని గోడలెందుకనిపిస్తుంది. తన దేవుడే దేవుడనేవాడికి ఆ మండపమెందుకనిపిస్తుంది. ఈ ఇద్దరికీ జవాబు, వింతగా ఉన్నా సరే, కాలేజీ ల్యాబులో ర్యాకుకు బిగించిన లేయర్ త్రీ నెట్‌వర్క్ స్విచ్‌లో ఉందని నా వాదన.

ఆ స్విచ్ ఒకే పెట్టె, దాన్ని వీలాన్లనే వేర్వేరు నెట్‌వర్కులుగా విడగొట్టొచ్చు. అకౌంట్స్ విభాగాన్ని వీలాన్ 10లో, హాస్టల్‌ను వీలాన్ 20లో పెడితే మాత్రం, పక్కపక్క పోర్టుల్లో ఉన్నా ఒకరి కేక ఒకరికి వినపడదు. ఈ అడ్రస్ ఎవరిదని అడిగే ఏఆర్‌పీ బ్రాడ్‌కాస్ట్ తన వీలాన్ పొలిమేర దాటదు. అవతలికి పోవాలంటే గేట్‌వే దగ్గరికి రావాలి. ఆ గేట్‌వే బయటివాడు కాడు: స్విచ్ ప్రతి వీలాన్‌లోనూ ఒక వర్చువల్ ఇంటర్‌ఫేస్ పెట్టుకుని, అక్కడి ఐపీ అడ్రస్‌తోనే, పదిలో పదివాడిగా, ఇరవైలో ఇరవైవాడిగా ఉంటుంది. ప్యాకెట్ దాటేటప్పుడు పై తొడుగు మారుతుంది. పంపిన మ్యాక్ అడ్రస్, అందుకునే మ్యాక్ అడ్రస్ రెండూ కొత్తవి. ప్యాకెట్ ఆయుష్షు లెక్కైన టీటీఎల్ ఒకటి తగ్గుతుంది (దాటడం ఊరికే జరగదన్నమాట). ఎవరు ఎవరికి పంపారో చెప్పే లోపలి ఐపీ అడ్రసులు మాత్రం మారవు. కలవడానికి కరిగిపోనక్కర్లేదని ఇంతకన్నా స్పష్టంగా చూపించే ఏర్పాటు నాకు తెలియదు.

పెట్టె ఒకటే అయినప్పుడు వీలాన్లు మిథ్యే కదా అని అద్వైతి అడగొచ్చు. నిజమే, 802.1క్యూ ట్యాగ్‌లో వీలాన్ అంటే పన్నెండు బిట్ల అంకె, అంతే. కానీ శంకరులు సైతం వ్యవహారంలో భేదాన్ని కొట్టిపారేయలేదు. ఆ అంకె తీసేస్తే వచ్చేది ఐక్యత కాదు, ప్రతి కేకా అందరి చెవిలో పడే గోల. ఇక రెండో వైపు నుంచి, శివుడు తప్ప అన్యులు లేరన్న పాల్కురికి సోమనాథుడి వంటి వీరశైవుడు ఈ సర్దుబాటును ఒప్పుకోడు. ఆయన తీవ్రతను నేను తక్కువ చేయను. అయితే త్రికూటం ఆ తీవ్రతను తగ్గించుకోమనలేదు. రుద్రేశ్వరుడి గర్భగుడి పూర్తిగా రుద్రేశ్వరుడిదే.

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టే ఆక్షేపణ వేరే ఉంది. మండపం ఎవరి చేతిలో ఉంది? స్విచ్‌లో ఏ వీలాన్ నుంచి ఏ వీలాన్‌కు పోవచ్చో యాక్సెస్ లిస్టులో అడ్మిన్ రాస్తాడు. వర్చువల్ ఇంటర్‌ఫేసే ఇవ్వని వీలాన్ ఆ పెట్టెలోనే ఉంటుంది, దానికి దారి మాత్రం ఉండదు. దేవుళ్లకు పక్కపక్కన చోటిచ్చిన దేశమే కొన్ని కులాలవాళ్లను శతాబ్దాలపాటు గుడి బయట నిలబెట్టింది. దాన్ని భిన్నత్వమని సమర్థించడం కుదరదు. అది ఎవరో కావాలని రాసిన నియమం, రాసినవాళ్లే జవాబు చెప్పాలి. నా వాదన ఇందువల్ల కూలిపోదు గానీ, దానికో షరతు పడుతుంది: మండపంలోకి గడప లేని వేర్పాటు వెలివేతే. వేయిస్తంభాల గుడిని మత సామరస్యానికి ఉదాహరణగా చెప్పేవాళ్లు గర్భగుడులు లెక్కపెట్టి ఆగకుండా, మండపం మెట్లెక్కే హక్కు ఏ కాలంలో ఎవరికి ఉండేదో కూడా చెప్పాలి.