శయ్యపై నున్న శరణుని కాయకము



బసవేశ్వరుడు 12వ శతాబ్దమున కల్యాణపురమున నిలిపిన ధర్మమునకు కాయకము, దాసోహము రెండు కన్నులు. చేతులాడువాడు పనిచేయును; తెచ్చినదానిని పదిమందితో పంచుకొనును. ఇది అందరు నెరిగినదే. అయితే చేతులాడని నాడు శరణుని ధర్మమేమి? కాళ్లు తడబడిన నాడు, కన్ను మసకబారిన నాడు, కరస్థలమున ఇష్టలింగమును నిలుపలేక చేయి వణకిన నాడు వాని గతి యేమి? ఇది గ్రంథములలోని ప్రశ్న కాదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల ఏ యింటనైనను పుట్టగల ప్రశ్న.

మల్టిపుల్ స్క్లెరోసిస్ అను వ్యాధి యొకటి కలదు. మెదడు, వెన్నుపాములలోని నరములపై, విద్యుత్తీగకు తొడుగువలె, ఒక పొర యుండును. దేహమును కాపాడవలసిన రక్షణశక్తియే దారితప్పి ఆ పొరను దెబ్బతీయుట ఈ వ్యాధి లక్షణము. ఇది అంటువ్యాధి కాదు. తరచుగ 20 మొదలు 40 ఏండ్ల ప్రాయమున బయటపడును. పురుషులకంటె స్త్రీలకు అధికముగ వచ్చును.

పుంగనూరున ఒక గృహిణిని ఊహింపవచ్చును. మొదట ఒక కంటిచూపు మసకబారి, కొన్ని వారములకు సర్దుకొనును. పిమ్మట కాళ్లు మొద్దుబారును. ఎండ ముదిరినచో నీరసము మిక్కుటమగును. మూత్రము నిలుపుకొనుట కష్టమగును. చూచువారు “మనిషి బాగుగనే యున్నది, పనికే బద్ధకము” అందురు. మరికొందరు పూర్వకర్మ మందురు. ఆమె రాత్రివేళ గోడవైపు తిరిగి, “నేనీ యింటికి భారమైతిని, నేను లేకున్న వీరు సుఖపడుదురు” అని తలపోయును.

శరణులారా! అన్నిటికంటె అపాయకరమైనది ఈ తలపే. ఈ వ్యాధిగ్రస్తులలో సుమారు సగముమంది ఎప్పుడో ఒకప్పుడు తీవ్రమైన మనోవ్యథకు లోనగుదురు. ఆత్మహత్యాపాయము సాధారణ జనులకంటె వీరికి రమారమి రెండింతలని పలుదేశముల పరిశీలనలు తెలిపినవి. వ్యాధినిర్ణయమైన తొలి యేండ్లలో మరింత జాగరూకత వలయును. ఇది భక్తిలోపము కాదు. మెదడునే తాకు వ్యాధి మనసును తాకకుండునా? కనుక “పాపము, పాపము” అని గద్దించుటవలన మేలు లేదు. గద్దింపబడినవాడు తలపును మానడు, దానిని దాచుకొనును.

మరణమునకు వెరవరాదని పెద్దలు చెప్పిరి. పాల్కురికి సోమనాథుని బసవపురాణమున ప్రాణములను లెక్కసేయని వీరభక్తుల కథలు పెక్కులు కలవు. అవి భక్తితీవ్రతను తెలుపు కథలు గాని ఆచరింపవలసిన విధులు కావు. బాధలో నున్నవాడు “దేహమును విడుచుట లింగైక్యమే గదా” అని తలచినచో, ఆ మాట పలికినది జ్ఞానము కాదు, వేదన. లింగైక్యము పండిన ఫలము. పచ్చికాయను త్రెంచుట కాదు. మఠములలో ఆ కథలు చెప్పువారు ఈ భేదమును విప్పి చెప్పవలయును.

బసవేశ్వరుడు రాతిగుడికంటె దేహమునే దేవాలయముగ నెంచెను. గుడిగోడ బీటవారినచో గుడిని కూల్చుదురా? మరమ్మతు చేయింతురు, అందాక దీపము మాత్రము మానరు. ఔషధమును ప్రసాదబుద్ధితో గైకొనుట ఆ మరమ్మతే.

“అశుచినైతిని, లింగపూజకు తగను” అని రోగి కుమిలిపోనక్కరలేదు. జననము, మరణము, రజస్సు, ఉచ్ఛిష్టము, జాతి అను పంచసూతకములనే త్రోసిపుచ్చిన ధర్మమున రోగమునకు మాత్రము సూతకమెక్కడిది? చేయి వణకినచో భర్తయో బిడ్డయో ఆ చేతిక్రింద తమ చేయి నుంచవలయును. ఆ పూజ ఇరువురిదియు నగును.

కాయకమునకు కొలత లేదు. ఆయ్దక్కి మారయ్య రాలిన బియ్యపుగింజల నేరుట కాయకముగ గలవాడు. ఒకనాడతడు అవసరమునకు మించి తేగా, భార్య లక్కమ్మ ఆ యెక్కువను తిరిగి యిచ్చి రమ్మనెను. గింజల రాశి కాయకమును గొప్ప చేయలేదు, చిత్తశుద్ధియే చేసినది. మంచముపైనుండి మనుమనికి అక్షరములు దిద్దించుటయు కాయకమే. దాసోహమున ఇచ్చువాడెంత యవసరమో, పుచ్చుకొనువాడు నంతే యవసరము. సేవను గైకొనువాడు భారము కాడు.

ఇంటివారు చేయవలసినది కలదు. “చనిపోవలెనని తలపు వచ్చుచున్నదా?” అని మెల్లగ, సూటిగ అడుగవలయును. అడుగుటవలన లేని తలపు పుట్టదు. ఉన్న బరువు దిగును. చెప్పుచున్నప్పుడు అడ్డుపడక వినవలయును. పురుగుమందులు, అధికమైన మాత్రలు తాళములో నుంచవలయును. తలపు తీవ్రమైనచో రోగిని ఒంటరిగ విడువక వైద్యునియొద్దకు గొనిపోవలయును. కుప్పమున వైద్యకళాశాల ఆసుపత్రి కలదు. బెంగళూరు నిమ్హాన్స్‌లో నరములకును మనసునకును ఒకేచోట చికిత్స లభించును. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్ 14416 సంఖ్యకు రేయింబవళ్లు ఉచితముగ ఫోను చేయవచ్చును, తెలుగున మాటాడవచ్చును. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టమున ఈ వ్యాధి పేరు చేరినది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, ప్రాణము తీసికొనబోయిన వానిని తీవ్రవేదనలో నున్నవానిగ నెంచి, శిక్షింపక సంరక్షింపుమని చెప్పుచున్నది.

మదనపల్లె చెంత ఆరోగ్యవరమున 1915లో క్షయరోగ చికిత్సాలయము తెరవబడిన నాడు ఆ రోగమునకు మందు లేదు. గాలి, విశ్రాంతి, ఆహారము, ఆదరణ మాత్రమే యుండినవి. 1940లలో స్ట్రెప్టోమైసిన్ వచ్చెను. పిమ్మట మరికొన్ని మందులు వచ్చి క్షయ నయమగు రోగమైనది. మల్టిపుల్ స్క్లెరోసిస్ తిరుగబెట్టుటను తగ్గించు తొలి మందు 1993లో అమెరికాలో అనుమతి పొందినది. నేడు పలువిధముల మందులు కలవు. పూర్తిగ మాన్పు మందింకను రాలేదు, నిజమే. కాని నిన్న లేనిది నేడున్నది.

కావున శయ్యపై నున్న శరణునకు ఈ పూటకు కాయకమొక్కటే: ఈ పూట నిలుచుట, తన బాధను ఒకరితో చెప్పుట. ఆ మాటను వినుట తక్కినవారి దాసోహము.