నాదం చెక్కదా?

సాలిడ్ బాడీ వాద్యం లోపల బోలు ఉండదు. వీణలో పనస కుండ తీగ కదలికను అందుకుని గాలిని కదుపుతుంది. ఎలక్ట్రిక్ గిటార్‌లో ఉక్కు తీగ అయస్కాంతం ముందు ఊగితే, ఆ అయస్కాంతం చుట్టూ చుట్టిన రాగి తీగలో విద్యుత్తు పుట్టి స్పీకరుకు చేరుతుంది. మరి ఏ చెక్కయితే ఏం? ఈ సందేహం అడుగున పాత ప్రశ్న ఒకటుంది: నాదం ఏ ద్రవ్యానిది?

తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహం శబ్దాన్ని ఆకాశపు గుణం అంటుంది. దానికి తానే రాసిన వ్యాఖ్య దీపికలో ఆయన శబ్దం పుట్టుకను మూడు విధాలుగా చెప్పాడు. భేరికి కర్ర తగిలితే పుట్టేది సంయోగం వల్ల. వెదురు చీలుతున్నప్పుడు చిటపటమనేది విభాగం వల్ల. అక్కడి నుంచి చెవిదాకా ఒకదాన్నుంచి ఒకటిగా సాగేది శబ్దం వల్లనే. చీలింది వెదురే, కాని ఆ ధ్వని వెదురుది కాదు. ఆకాశం సమవాయి కారణం, అంటే శబ్దం నిలిచే ఆధారం; కర్ర నిమిత్తం, అంటే పుట్టించే సాధనం మాత్రమే. నేటి భౌతికశాస్త్రం ఆకాశం చోట గాలిని నిలిపింది. కర్ర హోదా మాత్రం పెద్దగా మారలేదు. ఈ లెక్కన వీణలోని పనసకూ నాదం సొంతం కాదు. సాలిడ్ బాడీ చెక్కను మూగదని చిన్నచూపు చూడటం అన్యాయం.

అయినా ఎంపిక వృథా కాదు. తీగ రెండు కొసలూ ఆనేది చెక్క మీదే. చెక్క ఏ కంపనానికి లొంగితే ఆ కంపనం బలం చెక్కలోకి ఇంకి, తీగ త్వరగా ఆగుతుంది. ఇక్కడ చెక్క గుణం అది ఇచ్చేదాంట్లో కాదు, తీసుకునేదాంట్లో తెలుస్తుంది. పికప్ (ఆ అయస్కాంతం, రాగి చుట్ట) స్థానం, తీగల మందం తెచ్చే తేడా ముందు ఇది చిన్నదే. 1940 ప్రాంతంలో గిటారిస్టు లెస్ పాల్ మామూలు పైన్ దుంగకు తీగలు బిగించి వాయించాడు. 1969లో పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ సాలిడ్ బాడీ ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టడం వెనుక ఉన్న అవసరం ఇది: గమకం పూర్తయ్యేదాకా స్వరం నిలవాలి. మామూలు మాండొలిన్‌లో అది ముందే ఆరిపోతుంది.

తెలంగాణలోని జహీరాబాద్ వంటి మెట్ట పీఠభూమిలో చెక్కకు అసలు పరీక్ష ఎండ పెడుతుంది. పచ్చి కర్ర వేసవికి వంగుతుంది, తీగలు శ్రుతి తప్పుతాయి. జిట్రేగి గట్టిదే, కాని ఘనమీటరుకు సుమారు 850 కిలోలు, భుజానికి భారం. టేకు 650 దగ్గర ఉంటుంది. పాత ఇళ్ల ద్వారబంధాల టేకు దశాబ్దాలుగా ఎండి కుదురుకున్నది కనుక, కొత్త కర్ర కన్నా అదే మేలు. చేవ భాగం చూసుకుని, వేలి కణుపుతో ఈ కొస నుంచి ఆ కొసదాకా తట్టుతూ పోవాలి. మోత ఒక్కసారిగా బొంగురుపోయిన చోట లోపల పగులు ఉండవచ్చు. గిటార్ బాడీకి సుమారు 13 అంగుళాల వెడల్పు కావాలి కనుక రెండు మూడు ముక్కలు అతకాలి. టేకులో నూనె ఉంటుంది, అందుకని చిత్రిక పట్టిన వెంటనే జిగురు పెట్టాలి.

పసుపు రాసి మొక్కిన గడపను కోయవచ్చా అన్న సంకోచం సహజం, అది గౌరవించదగ్గదే. గడప ఎలాగూ అడుగుల కింద అరిగి, నీళ్లకు నాని ఉంటుంది. నిలువు కమ్మీలు చాలు.